రాజలింగు వేషం

ముత్యం గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. తెల్లారక ముందే లేచి మొదటి షిఫ్టుకు పోతాడు. మధ్యాహ్నం దాటాక క్వార్టరుకు వచ్చి, ఒంటిమీది దుమ్ము వదిలేదాకా స్నానం చేసి, భార్య రమ పెట్టింది తిని, వాకిట్లో నులకమంచం మీద నడుం వాలుస్తాడు. నలుగురిలో పెద్దగా మాట్లాడడు. యూనియన్ మీటింగుల్లో వెనక వరసలో కూర్చుంటాడు. అతడిని అక్కడ మాత్రమే ఎరిగినవాళ్లకు అతడి గొంతు ఎలా ఉంటుందో కూడా సరిగ్గా తెలియదు.

ఏడాదికోసారి, ఉగాది వెళ్లిన రెండో ఆదివారం, ఆ మనిషే తన సొంతూరు రేవుపల్లెలో మీసం దిద్దుకుని, నడుముకు ఎర్ర రుమాలు బిగించి, భుజాన తెడ్డు వేసుకుని తెల్లదొరల పటాలానికి ఎదురు నిలబడేవాడు. ఆ పూట అతడు ముత్యం కాదు, పడవల రాజలింగు.

రాజలింగు పేరు పుస్తకాల్లో లేదు. గోదావరి ఒడ్డున రెండు మూడు ఊళ్లవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అతడు రేవులో పడవ నడిపే బెస్త కుటుంబంలో పుట్టాడు. అప్పుడు ఇది నిజాం రాజ్యమే అయినా పటాలాన్ని నడిపేది తెల్లదొరలు. వాళ్లు ఒక వానాకాలం తుపాకులు, మందుగుండు అవతలి ఒడ్డుకు చేర్చాలని పడవలన్నీ పట్టుకున్నారు. గోదావరి పొంగి పారుతోంది, ఇప్పుడు వద్దు దొరా అని రాజలింగు తండ్రి మొత్తుకున్నాడు. వినలేదు. బలవంతంగా ఎక్కించారు. పడవ నడి ఏట్లో తిరగబడింది. దొరలు గల్లంతైన పెట్టెల కోసం మూడు రోజులు వెతికించారు. తండ్రి శవం కోసం ఒక్క పూట కూడా వెతకలేదు.

అప్పటి నుంచి రాజలింగు దొరలకు పడవ కట్టలేదు. మిగతావాళ్లను కూడా కట్టనివ్వలేదు. పట్టుకుపోయిన పడవలకు చాటుగా అడుగున బెజ్జాలు పెట్టేవాడు. అవి ఒడ్డున బాగానే ఉండి, ఏటి మధ్యకు పోయాక మునిగేవి. పడవలవాళ్లు, కూలీలు, పన్ను కట్టలేక పొలం వదిలిన రైతులు అతడి వెంట చేరారు. రెండేళ్లపాటు ఆ రేవు దాటి ఒక్క తుపాకి పోలేదు. చివరికి ఒక ఎండాకాలం ఊరి వెనక గుట్టలో ఉండగా దొరికిపోయాడు. అతడు దాక్కున్న గుహ సొరికెను పటాలానికి చూపించినవాడు సొంత బావ నంబయ్య. రాజలింగును ఆ రేవు ఒడ్డునే ఉరితీశారు.

ఇదీ రేవుపల్లె ఆడే బాగోతం.

ముత్యం తండ్రి బుచ్చన్న భూగర్భ గనిలో బొగ్గు నింపేవాడు. రాజలింగు వేషం ఆయనదే. ఆయన కాలంలో ఆట రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగేది. తర్వాత ఊళ్లో సగంమంది గనిలో బాయి పనికి చేరడంతో సోమవారం డ్యూటీకి అందుకోవాలని ఆటను కుదించి, ఎండ తగ్గగానే మొదలుపెట్టి చీకటిపడే వేళకు ముగించడం అలవాటైంది. బుచ్చన్నకు ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ చేసినప్పుడు ఉద్యోగం కొడుక్కు వచ్చింది. అదే ఏడు వేషం కూడా వచ్చింది. ఉద్యోగం తొందరగానే పట్టుబడింది, వేషమే పట్టుబడలేదు. మొదటి ఏడు ముత్యం దొర ముందు నిలబడి మాట మరిచిపోతే జనం పడి పడి నవ్వారు.

“గొంతుతోని అరిస్తె గొంతే పోతది. కడుపులకెళ్లి రావాలెరా మాట,” అని బుచ్చన్న దగ్గుకుంటూనే నేర్పించాడు.

అన్నిటికంటే ఎక్కువగా నేర్పింది ఉరి ముందరి మాట. మెడకు తాడు వేశాక రాజలింగు నంబయ్య వైపు తిరిగి, “నంబీ! నువు చూపిన ఏలు నీ వంశానికి ఉరితాడైతది!” అంటాడు. డోలు ఒక్కసారిగా మోగుతుంది. ఈలలు, చప్పట్లు. బుచ్చన్న ఆ మాట అంటే పసిపిల్లలు ఏడుపు ఆపేవారని చెప్పుకుంటారు. మూడో ఏడో నాలుగో ఏడో ముత్యం నోటి నుంచి కూడా ఆ మాట అలాగే వచ్చింది. ఆ సాయంత్రం బుచ్చన్న కొడుకు ముఖానికి పట్టిన రంగును తన తువ్వాలతో తుడిచాడు. మరుసటి ఏడు ఆట నాటికి ఆయన లేడు.

దొర వేషం అంద్రెయది. ముత్యం కంటే కొన్నేళ్లు పెద్దవాడు, గని ఆఫీసులో క్లర్కు. మనిషి పొడగరి, ఎర్రగా ఉంటాడు. చర్చిలో క్రిస్మస్ నాటకాలు ఆడిన అనుభవం ఉంది, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. భార్య సుసన్నా కుట్టిన ఎర్ర కోటు వేసుకుని వస్తే కుక్కలు కూడా మొరిగేవి. నంబయ్య వేషం రఘుపతిది. అతడు కమాన్‌పూర్‌లో దర్జీ. ఆ వేషం ఎవరూ కట్టరు కాబట్టి బతిమాలి తెచ్చుకున్నారు. ప్రతి ఏడూ తిట్లు తినేవాడు, ఒకటి రెండు సార్లు చెప్పులు కూడా పడ్డాయి. అతడి భార్య ఆట చూడ్డానికే రాదు.

రానివాళ్లు ఇంకొందరున్నారు. ఊరి చివర, గుట్ట కింద ఆట పందిరి వేసే చోటికి ఎదురుగా ఒక ఇల్లు ఉంది. ఊరంతా వాళ్లను చూపుడేలోళ్లు అంటారు. నంబయ్య వంశం వాళ్లదే. బడిలో పిల్లలు కొట్లాడుకున్నా, పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగినా చివరికి ఆ పేరే బయటికి వచ్చేది. ఆ ఇంటి పెద్ద దిక్కు సమ్మవ్వ. ఆట రోజున ఆమె పొద్దున్నే తలుపు వేసుకునేది. ఇదంతా ముత్యానికి తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. అది పెద్ద విషయంగా ఎవరికీ తోచలేదు.

ఓపెన్‌కాస్టు పెరుగుతూ పెరుగుతూ రేవుపల్లె దాకా వచ్చింది. ఊరికి పెద్దపల్లి దారిలో కొత్త కాలనీ కట్టారు. ఆ ఏడు ఉగాది నాటికి సగం ఇళ్లు ఖాళీ అయ్యాయి. వచ్చే ఏడు ఆట కొత్త కాలనీలోనే అని, ఇక్కడ ఇదే చివరిదని అనుకున్నారు.

ఆటకు పది పన్నెండు రోజుల ముందు ముత్యం తన చిన్నాయన ఇంటి రేకులు విప్పడానికి ఊరికి పోయాడు. తిరిగి వస్తుంటే సమ్మవ్వ పిలిచింది. వాళ్ల ఇంటి దర్వాజలు అప్పటికే ఊడదీశారు. గోడకు పెద్ద బొక్క పడ్డట్టు ఉంది. ఆ బొక్కలో గడప ఉండాల్సిన చోట ఆమె కూర్చుని ఉంది.

“బుచ్చన్న కొడుకువు గదా బిడ్డా. జర ఇటు రా.”

ముత్యం మోటరు సైకిల్ ఆపాడు. ఇన్నేళ్లలో ఆమె తనతో మాట్లాడటం అదే మొదలు.

“ఈ ఊర్లె మీ ఆట గిదే ఆఖరు అంటున్నరు. నిజమేనా?”

“అవునవ్వా.”

“అయితే ఒక ముచ్చట చెప్త, ఇను. మా అత్త నాకు చెప్పింది. ఆమెకు వాళ్లత్త చెప్పిందట. మా ఇంట్ల ఆడోళ్లకే తెలుసు ఇది. మొగోళ్లకు చెప్పం.”

“ఎందుకు చెప్పరు?”

“చెప్తె ఆగుతరా? కల్లు మండువ కాడ కొట్లాట వెట్టుకుంటరు, తలకాయలు పలగ్గొట్టుకుంటరు. మా అత్త చెప్పొద్దన్నది, చెప్పలె.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “నంబయ్య చూపిచ్చిండన్నది నిజమే. కాదని నేనంటలేను. కని చూపియ్యమని తోలిచ్చింది రాజలింగే.”

ముత్యం బండి స్టాండు వేసి కింద కూర్చున్నాడు.

సమ్మవ్వ చెప్పింది ఇది. ఆ ఎండాకాలం దొరలు రేవుపల్లె ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను పట్టుకొచ్చి ఏటి ఒడ్డున ముళ్లకంప వేసి అందులో ఉంచారు. ఎదురుగా గోదావరి కనిపిస్తూనే ఉంటుంది, చుక్క నీళ్లు ఇవ్వరు. రాజలింగు దొరికితేనే వదులుతామన్నారు. పిల్లలు చనిపోవడం మొదలైంది. ఆ కబురు గుట్ట మీదికి చేరింది. గుట్ట మీద రాజలింగు వెంట ఉన్నవాళ్లు కొద్దిమందే, అందరూ ఆకలితో ఉన్నారు. అతడు తానే దిగిపోయి లొంగుదామనుకున్నాడు. కానీ తాను దిగితే వెంట ఉన్నవాళ్లు ఊరుకోరని అతడికి తెలుసు. అందరూ దిగుతారు, తుపాకులకు ఎదురు పోయి చస్తారు. అందుకే తిండి గింజలు తెమ్మని వాళ్లను దూరం పంపించి, నంబయ్యను ఒక్కడినే దగ్గర ఉంచుకున్నాడు.

“‘బావా, నువ్వు పోయి నన్ను చూపియ్యి,’ అన్నడట. ‘నేనే చెప్పిన అని మాత్రం ఎవ్వలకు చెప్పకు. నేను లొంగిపోయిన్నంటె వీళ్ల పానం సల్లవడుతది, రేపు ఎవ్వడు తెడ్డు పట్టడు. నువ్వు పట్టిచ్చినవంటె కోపంతోనన్న కొట్లాడుతరు.’ నంబయ్య ఏడ్సిండట, కాళ్లు మొక్కిండట, నాతోని కాదన్నడట. ‘అగో, ఆ కంపల నీ బిడ్డ గూడ ఉన్నది,’ అని తోలిచ్చిండట.”

“పిల్లలను వదిలిండ్రా మరి?”

“ఇడిసిపెట్టిండ్రు. ఊరు ఎట్ల నిలవడ్డది మరి? నువ్వెట్ల పుట్టినవు?”

ముత్యం మెల్లగా అడిగాడు. “అవ్వా, తప్పు అనుకోకు. ఇది నిజమని ఎట్ల నమ్మాలె?”

ఆమెకు కోపం రాలేదు. “నమ్మకు. నేనేమన్న బలిమి చేస్తున్ననా? పెత్రమాస నాడు మా ఇంట్ల పెద్దలకు బియ్యం ఇస్తె ముందుగాల రాజలింగు పేరు మీద ఇస్తం. ఎనుకసిరి నంబయ్య పేరు. మా అత్త గట్లనే ఇచ్చింది, నేను గట్లనే ఇస్తున్న. పట్టిచ్చినోళ్లు గిట్ల ఇస్తరా, నువ్వే చెప్పు.”

పోతూ పోతూ ముత్యం అడిగాడు, ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు చెప్పావని. “ఊరే లేకపోయె. ఇంక దాసి ఏం జేసుకుందు,” అంది సమ్మవ్వ.

ఆ వారమంతా ముత్యం డంపర్ నడుపుతూ ఇదే ఆలోచించాడు. కింద పార యంత్రం మట్టి నింపుతుంది, పైకి తీసుకుపోయి కుమ్మరించాలి, మళ్లీ దిగాలి. ఆలోచించడానికి కావలసినంత వ్యవధి. సమ్మవ్వ చెప్పింది నిజమో కాదో అతడికి తేలలేదు. తేల్చేవాళ్లు ఎవరూ బతికి లేరు. కానీ ఒకటి మాత్రం అతడిని వదల్లేదు. ఇన్నేళ్లుగా తాను ఆ ఉరి మాట అనేది ఆ ఇంటికి ఎదురుగా నిలబడే. తలుపు వేసుకున్నా ఆమెకు వినపడే ఉంటుంది. గొంతు ఊరవతలికి వినిపించాలనే కదా నాన్న నేర్పింది.

రమతో చెప్పాడు. రమ అంతా విని, “మామ నేర్పిన మాట ఇడిసిపెడతవా?” అని మాత్రం అడిగింది.  

ఆ సీను మార్చి ఆడదామని అంద్రెయ దగ్గరికి పోయాడు. అంద్రెయ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి లుంగీ కట్టుకుంటున్నాడు.

“దొర సంగతి నాకు సమజైంది తమ్మీ. దొర అయితే అదే దొంగ దొర. నా మాటలు ఏం మారయి,” అన్నాడు అంద్రెయ అంతా విన్నాక. “నీదే ముష్కిల్. చప్పట్లన్నీ ఆ ఒక్క మాటకే పడుతయి.”

“అదే అన్నా నా ఫికర్.”

“సదయ్య ఊకోడు, చెప్తున్న.”

సదయ్య ఊరి పెద్దమనిషి. ఆట ఖర్చు, పందిరి, డోలు అన్నీ ఆయనే చూసుకుంటాడు. గుట్ట కింద రాజలింగు పేరున ఊరు మొక్కే రాతి గద్దె కట్టించింది ఆయన తండ్రి. ఆయనకు ముందు చెబితే ఆట ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు. చెప్పకపోవడం తప్పేనని కూడా ముత్యానికి తెలుసు. అయినా చెప్పలేదు. రఘుపతిని పిలిపించి, అంద్రెయ క్వార్టరు వరండాలో ముగ్గురూ కొత్త సీను కూర్చుకున్నారు. రఘుపతి మొదట బెదిరాడు. రెండో సాయంత్రం కాళ్లు మొక్కే చోట నిజంగానే ఏడ్చాడు. “ఇన్నేండ్ల సంది తిట్లు తిన్న. ఈ మనిషి గిట్ల అని ఎవ్వలన్న చెప్తె బాగుండు,” అన్నాడు.

ఆదివారం వచ్చింది. బాయి పనికి సెలవు కాబట్టి ఖాళీ చేసిపోయినవాళ్లు కూడా ట్రాలీల్లో, ఆటోల్లో తిరిగి వచ్చారు. పైకప్పులు తీసిన ఇళ్ల గోడల మీద పిల్లలు ఎక్కి కూర్చున్నారు. ఆట మామూలుగానే మొదలైంది. తండ్రి మునిగిపోయే సీనుకు ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు, పడవలకు బెజ్జాలు పెట్టే సీనుకు నవ్వారు. అంద్రెయ ఇంగ్లీషులో తిడుతుంటే మగవాళ్లు తెలుగులో తిరిగి తిట్టారు. నంబయ్య రాగానే ఎప్పటిలాగే గోల లేచింది.

రాజలింగు నంబయ్య భుజం మీద చెయ్యి వేశాడు. “బావా, ఇటు కూసో,” అన్నాడు. గోల కొంచెం తగ్గింది. ఇది ఎవరూ ఎరిగిన మాట కాదు. సీను సాగేకొద్దీ జనం సద్దుమణిగారు. రఘుపతి కాళ్ల మీద పడి, “నాతోని కాదు, నన్ను కూడ నీతోనే సంపుకోమను,” అంటుండగా సదయ్య లేచి నిలబడ్డాడు.

“ఆపుండ్రి! ఏం ఆట ఇది? ముత్యం, ఎవ్వలు చెప్పిండ్రు నీకు గీ కథ?”

డోలు ఆగింది. ముత్యం వేషంలోనే పందిరి అంచుకు వచ్చాడు. సమ్మవ్వ పేరు చెబితే ఈ జనమంతా ఆ ఇంటి మీద పడుతుంది. చెప్పకపోతే తాను అల్లినట్టు అవుతుంది.

“విన్న కాకా,” అన్నాడు.

“విన్నవా? ఎక్కడ విన్నవు? మా తాతలకెళ్లి వస్తున్న కథ ఇది. రాజలింగు లొంగిపోయిండంటవా? మొగోడు గాదంటవా?”

“గట్ల అంటలేను కాకా…”

“నేనే చెప్పిన సదయ్యా.”

అందరూ వెనక్కి తిరిగారు. సామాను ఎక్కించిన ట్రాక్టరు ట్రాలీ మీద, మూటల మధ్య సమ్మవ్వ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

“నువ్వా? సాక్ష్యం ఏంది దానికి?” అన్నాడు సదయ్య.

“మీ దానికి ఏం సాక్ష్యం ఉన్నది? మీ తాత చెప్పిండు. నాకు మా అత్త చెప్పింది. మీ తాత నోరు నోరు, మా అత్త నోరు నోరు గాదా?”

ఎవరో నవ్వారు. సదయ్యకు ఇంకా మండింది. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, “మీరే ఆడుకోండ్రి,” అని వెళ్లిపోయాడు. ఆయన వెంట కొందరు లేచిపోయారు. కొందరు లేచి, ఎటు పోవాలో తోచక నిలబడి, మళ్లీ కూర్చున్నారు. అంద్రెయ డోలు వాయించేవాడి వైపు చూసి తల ఊపాడు. ఆట మళ్లీ అందుకుంది.

ఉరి సీను వచ్చింది. ముత్యం మెడకు తాడు పడింది. ఆ చోట ఏమనాలో ముగ్గురూ కలిసి ఒక మాట రాసుకున్నారు, ఊరు చల్లగుండాలనో ఏదో. అక్కడ నిలబడ్డాక ముత్యానికి ఆ మాట నోటికి రాలేదు. కడుపులోంచి వచ్చేది పాత మాటే. నాన్న నేర్పిన మాట గొంతు దాకా వచ్చి నిలిచింది. పళ్లు బిగబట్టి దాన్ని అక్కడే ఆపాడు. రఘుపతి తల వంచుకుని నిలబడ్డాడు. అంద్రెయ చెయ్యి ఎత్తి ఉంచాడు, దించలేదు. జనం ఎదురు చూశారు. ఎంతసేపటికీ మాట రాకపోయేసరికి డోలు వాయించేవాడే తోచినట్టు చిన్నగా దరువు మొదలుపెట్టాడు. అంద్రెయ చెయ్యి దించాడు. ఆట అయిపోయింది. ఈలలు లేవు, చప్పట్లు లేవు. ఆడవాళ్లలో కొందరు మాత్రం లేచి, వెళ్లేముందు రాజలింగు గద్దెకు ఒకసారి, రఘుపతికి ఒకసారి దండం పెట్టారు. రఘుపతి కంగారుపడి తానూ చేతులు జోడించాడు.

ముత్యం ముఖం కడుక్కుంటుంటే సమ్మవ్వ వచ్చింది. మెచ్చుకోలేదు, కృతజ్ఞత చెప్పలేదు. “గొంతు ఆరిపోయినట్టున్నది, నీళ్లు తాగు బిడ్డా,” అని సీసా ఇచ్చి, ట్రాలీ ఎక్కి వెళ్లిపోయింది.

ఆ వర్షాకాలం లోపలే రేవుపల్లె పూర్తిగా ఖాళీ అయింది. తర్వాత కొన్నాళ్లకు ముత్యం నడిపే డంపర్ ఆ దారినే పోయింది. ఏ ఇల్లు ఎక్కడుండేదో మొదట్లో గుర్తుపట్టేవాడు. మట్టి తీసేకొద్దీ అది కూడా కుదరలేదు. గద్దెను సదయ్య దగ్గరుండి రాయి రాయి తీయించి కొత్త కాలనీలో కట్టించాడు. ముత్యం సాయానికి పోతే, “అవసరం లేదు,” అన్నాడు. పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడ్డా ముఖం తిప్పుకున్నాడు. ముత్యం బాధపడ్డాడు కానీ ఎవరితోనూ చెప్పుకోలేదు. తప్పంతా ఆయనదే అని కూడా అనుకోలేదు.

మళ్లీ ఉగాది దగ్గరపడింది. ఈసారి ఆట పాత తీరులోనే ఆడాలని సదయ్య పట్టుబట్టాడు. ఆ మాట తాను ఇక అననని, వేరేవాళ్లు వేషం కడితే అడ్డం రానని ముత్యం కబురు పంపాడు. అంజి అనే కుర్రాడు కడతానన్నాడు. మంచి గొంతు. ముత్యమే అతడికి ఎర్ర రుమాలు, తెడ్డు పంపించాడు. చిక్కంతా నంబయ్య దగ్గర వచ్చింది. రఘుపతి పాత నంబయ్యను కట్టనని ఖచ్చితంగా చెప్పేశాడు. కాలనీలో ఎవరిని అడిగినా, “నేనా? నాకొద్దు,” అన్నవాళ్లే. చివరికి ఉరి తీయడానికి దొర ఉన్నాడు, ఉరి ఎక్కడానికి రాజలింగు ఉన్నాడు, పట్టించేవాడే దొరకలేదు.

ఆటకు రెండు రోజులుందనగా సదయ్య ముత్యం క్వార్టరుకు వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

“ఆట ఆగితే మంచిగుండది. మీ ఇష్టమున్నట్టు ఆడుండ్రి.”

“కాకా, లోపటికి రా. చాయ్ తాగిపో.”

“నేను నమ్మిన్నని అనుకోకు. ఆ సీను నేను చూడ.”

“చూడకు కాకా. చాయ్ అయితే తాగు.”

సదయ్య కాసేపు తటపటాయించి లోపలికి వచ్చాడు. రమ చాయ్ ఇచ్చింది. పందిరి గురించి, డోలు వాళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఆ సీను మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఇప్పుడు అంజి రాజలింగు వేషం కడుతున్నాడు. ముత్యం పక్కన కూర్చుని మాట అందిస్తాడు. ఉరి ముందు ఏమీ అనకుండా నిలబడటం అంజికి ఇంకా చేతకావడం లేదు, ఏదో ఒకటి అనేస్తాడు, ఏడాదికో తీరుగా. కాలనీలో చూపుడేలోళ్లు అనే మాట పూర్తిగా పోలేదు. కొత్తగా బడిలో చేరిన పిల్లలకు మాత్రం అది ఎవరి గురించో తెలియదు. సమ్మవ్వ ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. రఘుపతి నంబయ్యగా పందిట్లోకి రాగానే సదయ్య లేచి రోడ్డు పక్క చాయ్ బండి దగ్గరికి నడుస్తాడు. ఆ సీను అయ్యేదాకా అక్కడే నిలబడి, డోలు మారగానే తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంటాడు. ఈ మధ్య కొంచెం ముందుగానే తిరిగి వస్తున్నాడని అంద్రెయ అంటాడు. ముత్యం ఆ సంగతి గమనించలేదు. మాటలు రాసిన పేజీ పట్టుకుని అంజి వైపే చూస్తూ ఉంటాడు కాబట్టి.